చూరుకు వేలాడిన లబ్ధిదారు

వేగులపాలెం పురపాలక సంఘం వారికి మనుషుల మాట మీద నమ్మకం పోయి చాలాకాలమైంది. అందులో వాళ్ల తప్పేమీ లేదు. వెనకటి పథకంలో ఒకాయన పక్కవాడి ఇల్లు చూపించి మరమ్మతు డబ్బులు తెచ్చుకున్నాడు. ఇంకొకాయన కింద ఇల్లే లేకుండా మేడకి తెచ్చుకున్నాడు. అందుకని ఈసారి ‘పాత ఇంటికి కొత్త ఊపిరి’ అని కొత్త పథకం పెట్టినప్పుడు, మనిషి చెప్పేది వినకూడదు, ఫోటో చెప్పేదే వినాలి అని గట్టి నియమం పెట్టుకున్నారు. వార్డు అధికారి వచ్చి ఇంటి ముందు ఇంటాయన్ని ఫోనుతో ఫోటో తీస్తాడు. ఫోనులో ఉన్న యంత్రం మొహాన్ని గుర్తుపట్టి దాని చుట్టూ ఆకుపచ్చ చట్రం గీస్తుంది. చట్రం పడ్డాక ఆ మొహమే లబ్ధిదారు. ఇక దాన్ని మార్చడం కమిషనర్ తరం కూడా కాదు.

కోటిలింగం ఈ పథకానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆయన కిరాణా హోల్‌సేల్ కొట్టులో గుమాస్తా. పాత మేదర వీధిలో పెంకుటిల్లు చవగ్గా వస్తోందని కొన్నాడు. ఎందుకు చవకో మొదటి వానకే తెలిసింది. ఆ ఇంట్లోకి కిటికీల్లోంచి కంటే కప్పులోంచే ఎక్కువ వెలుతురు వచ్చేది, వెలుతురు వచ్చిన దారినే మిగతావీ వచ్చేవి. అప్పటి నుంచి మొగుడూ పెళ్లాం చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా ఇంటిని ఒక్కో మూల నుంచి బాగుచేసుకుంటూ వస్తున్నారు. మూతపడ్డ లాడ్జీ నుంచి స్నానాలగదికి తలుపు తెచ్చారు. దాని మీద గది నంబరు అలాగే ఉంది. బండల దుకాణాల్లో మిగిలిపోయిన ముక్కలన్నీ ఏరుకొచ్చి నేల పరిచారు, అది చూడ్డానికి అతుకుల బొంతలా ఉంటుంది. ఇవన్నీ అయ్యాయి గానీ కప్పు మాత్రం గుమాస్తా జీతానికి లొంగలేదు. దూలం ఒక్కటే గట్టిది. వాసాలు పుచ్చిపోయాయి, పెంకుల్లో పగలనిది వెతుక్కోవాలి.

ఆయన భార్య మంగతాయారుకి పెద్ద కోరికలేమీ లేవు. వాన పడుతుంటే మంచం ఈ మూల నుంచి ఆ మూలకి లాక్కోకుండా, ఉన్నచోటే పడుకుని నిద్రపోవాలి, అంతే. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి అద్దె ఇళ్లలోనూ ఆ భాగ్యం లేదు, సొంతింట్లోనూ లేదు. మేఘం పట్టిందంటే ఆవిడ కళ్లు కప్పు మీద, చెయ్యి మంచం కోడు మీద ఉండేవి.

దరఖాస్తు పెట్టగానే ఆవిడ చేసిన మొదటి పని దిష్టిబొమ్మ కట్టడం. మన వైపు ఇంటి పని మొదలెట్టాలంటే సిమెంటు వచ్చినా రాకపోయినా దిష్టిబొమ్మ ఉండి తీరాలి. కోటిలింగం పాత చారల చొక్కా, మోకాళ్ల దగ్గర చిరిగిన ప్యాంటు తీసి గడ్డి కూరింది. మసిపట్టిన కుండకి సున్నంతో కళ్లూ పళ్లూ దిద్ది, బొగ్గుతో మీసం పెట్టి, తలగా అమర్చింది. మెడలో పాత చెప్పు కట్టి వీధి వైపు చూరుకి వేలాడదీసింది. కోటిలింగానికి మీసం లేదు. నాకు లేని మీసం దానికెందుకే అని అడిగాడు. దాన్ని చూసైనా ఎవరో ఒకరు భయపడాలి కదా అంది మంగతాయారు.

వార్డు అధికారి శేషావతారం స్కూటరు దిగకుండానే పరిపాలన చేయగల సమర్థుడు. సాయంత్రం లోపల వార్డు మొత్తం ఫోటోలు తీయాలని ఆయనకి పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆయన వచ్చేసరికి కోటిలింగం కొట్లో ఉన్నాడు, మంగతాయారు పెరట్లో బట్టలు పిండుతోంది. శేషావతారం వీధిలోంచే ‘ఇటు చూడండి’ అన్నాడు. చూరు కింద ఉన్నాయన ఎలాగూ అటే చూస్తున్నాడు. కొందరు ఫోటో అనగానే కళ్లు మూస్తారు, కొందరు తల తిప్పుతారు. ఈయన కదలకుండా మెదలకుండా నిలబడ్డాడు. యంత్రం మొదటి చూపులోనే ఆకుపచ్చ చట్రం గీసింది. శేషావతారం ధన్యవాదాలు చెప్పి మరీ వెళ్లాడు.

మొదటి విడత డబ్బు ఆఫీసు గడప తొక్కకుండానే వచ్చిపడింది. కోటిలింగం తన కళ్లని తనే నమ్మలేదు. పెంకు నేసే అప్పలస్వామి మనుషుల్ని వెంటేసుకుని వచ్చి, పాత పెంకంతా దించేసి, పుచ్చిన వాసాలు పీకేసి, కలప అడితి నుంచి పాత టేకు వాసాలు తెచ్చి ఎక్కించాడు. రెండో విడత రాగానే పెంకు పరుచుకోవడమేనని చెప్పి, పైన బరకం కట్టి వెళ్లాడు. అప్పటికి ఎండలు ముదిరాయి. మృగశిర కార్తె దగ్గర పడుతోంది. బరకం కింద పడుకుని మంగతాయారు రోజూ ఆకాశాన్ని తిట్టకుండా బతిమాలుకునేది.

రెండో విడతకి ముందు లబ్ధిదారు ఆఫీసుకి వచ్చి మొహం చూపించాలి. కోటిలింగం గడ్డం గీసుకుని ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. శేషావతారం ఫోను ఎత్తి చూశాడు. ఎర్ర చట్రం పడింది. తుడిచి చూశాడు. కిటికీ దగ్గరికి జరిపి చూశాడు. ఎర్రగానే ఉంది.

“మీరు మీరు కాదండీ” అన్నాడు చివరికి.

కోటిలింగం ఫోటో చూపించమన్నాడు. దాన్ని ఒకటికి రెండుసార్లు చూశాడు. అయ్యా, ఇది మా ఆవిడ కట్టిన దిష్టిబొమ్మ, లోపలున్నది గడ్డి అని వీలైనంత మర్యాదగా మనవి చేసుకున్నాడు.

శేషావతారానికి కోపం రాలేదు. ఇలాంటి అమాయకుల్ని ఆయన చాలామందిని చూశాడు. “చూడండి, సదరు లబ్ధిదారు మొహం స్పష్టత మా పురపాలక సంఘంలోకెల్లా అత్యుత్తమమని యంత్రం ధ్రువీకరించింది. తమరి మొహం స్పష్టంగా లేదని కూడా అదే ధ్రువీకరించింది. ఇందులో నా వ్యక్తిగత అభిప్రాయానికి తావు లేదు” అన్నాడు.

పోనీ తప్పు పడిందని ఆక్షేపణ రాసిస్తానన్నాడు కోటిలింగం. భేషుగ్గా ఇవ్వొచ్చు, కాకపోతే ఆక్షేపణ చెప్పుకునే హక్కు ఫోటోలో ఉన్నవారికే ఉంటుందన్నాడు శేషావతారం. ఆయన్ని ఒకసారి ఆఫీసుకి పంపించమన్నాడు. ఆయన రాలేడు సార్ అన్నాడు కోటిలింగం నీళ్లు నములుతూ. నడవలేని స్థితిలో ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి కదా, దివ్యాంగుల విభాగం వేరే ఉందని అధికారి చిన్నగా మందలించాడు.

ఇంటికొచ్చి చెబితే మంగతాయారుకి ఒళ్లు మండింది. దిష్టిబొమ్మని దించి పొయ్యిలో పెడతానని నిచ్చెన తెచ్చింది. తీరా చెయ్యి వేయబోతుంటే వీధిలో స్కూటరు ఆగింది. లబ్ధిదారు ఇంటి దగ్గర కనిపించకపోతే అదృశ్యం కింద పోలీసులకి తెలియజేయాల్సి వస్తుందనీ, ఆ ఇంట్లో ఉంటున్న ఇతరుల్నే ముందు ప్రశ్నిస్తారనీ శేషావతారం స్కూటరు మీద నుంచే వివరించాడు. ఇతరులంటే ఎవరో మంగతాయారుకి వెంటనే అర్థమైంది. నిచ్చెన తీసి లోపల పెట్టింది.

ఆ ఫోటో అక్కడితో ఆగలేదు. ఆఫీసులో ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి పోయింది. భద్రతా విభాగం వాళ్లు చూసి, లబ్ధిదారు ఎత్తైన చోట తలకి రక్షణ లేకుండా ఉన్నాడని నోటీసు పంపారు. కోటిలింగం అప్పు చేసి హెల్మెట్టు కొని కుండకి పెట్టాడు. పోషకాహార విభాగం వాళ్లు తక్కెడతో వచ్చి బరువు తూచి, ఇంత పెద్ద మనిషి ఇంత తేలిగ్గా ఉండటం వార్డుకే సిగ్గుచేటని రాసుకుని, రోజూ కోడిగుడ్డు, రాగిపిండి మంజూరు చేశారు. గుడ్లు లబ్ధిదారు నోటి దగ్గర పెట్టి ఫోటో తీసుకుని వెళ్లేవారు. వాళ్లు వీధి మలుపు తిరిగాక కోటిలింగం అవి పులుసు పెట్టించుకునేవాడు. ఈ వ్యవహారంలో ఆయనకి దక్కిన లాభం అదొక్కటే.

అద్దె విభాగం నుంచి మాత్రం కబురు ఘాటుగా వచ్చింది. లబ్ధిదారుడు ఎండనక వాననక చూరు కింద నిలబడి ఉండగా, సంబంధం లేని వ్యక్తి ఒకడు ఆయన ఇంట్లో, ఆయన మంచం మీద పడుకుంటున్నట్టు తమ దృష్టికి వచ్చిందట. సదరు వ్యక్తి ఏ హక్కుతో ఉంటున్నాడో సంజాయిషీ ఇవ్వాలట. కోటిలింగానికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంతలో దిష్టిబొమ్మ పేరు కమిషనర్ దాకా వెళ్లింది. ఆయన తన ఉద్యోగంలో రకరకాల లబ్ధిదారుల్ని చూశాడు. అందరూ డబ్బులెప్పుడని అడిగేవాళ్లే, అర్జీలు పట్టుకుని మెట్ల మీద కూర్చునేవాళ్లే. ఈయన ఒక్క అర్జీ పెట్టలేదు. ఎన్నిసార్లు తనిఖీకి వెళ్లినా ఇంటి దగ్గరే ఉన్నాడు. సిబ్బంది ప్రవర్తన తృప్తికరంగా ఉందా అని అడిగితే కాదనలేదు. కమిషనర్ ముచ్చటపడి ఆదర్శ లబ్ధిదారు బిరుదు ప్రకటించి, శాలువా కప్పడానికి స్వయంగా మేదర వీధికి వచ్చాడు.

వీధిలో షామియానా వేశారు. కమిషనర్ నిచ్చెనెక్కి శాలువా కప్పుతుంటే, కింద నిచ్చెన పట్టుకునే పని కోటిలింగానికి అప్పగించారు. ఇదే అదననుకుని కోటిలింగం పైకి చూసి, “అయ్యా, కోటిలింగం నేనండీ” అన్నాడు.

కమిషనర్ నిచ్చెన మీదే ఆగిపోయాడు. ఆయన కళ్లు చెమర్చాయి. మైకు అందుకుని, “విన్నారా సోదరులారా, ఒక సామాన్య పౌరుడిలో ఈయన ఎంతటి స్ఫూర్తి నింపారో చూడండి. ఈ పట్టణంలో ప్రతి ఒక్కరూ నేనే కోటిలింగం అని చెప్పుకోగలిగిన నాడు మా పథకం సఫలమైనట్టు” అన్నాడు.

జనం చప్పట్లు కొట్టారు. వెనక వరసలోంచి ఎవరో నేను కూడా కోటిలింగమే అన్నారు. కాసేపటికి వీధి వీధంతా కోటిలింగాలైపోయింది. అసలువాడు నిచ్చెన పట్టుకునే ఉన్నాడు.

సభ వల్ల ఊరికి మాత్రం ఒక సంగతి బోధపడింది. మొహం గుర్తుపట్టలేదని యంత్రం చేత తిరగ్గొట్టించుకుని కాళ్లరిగేలా తిరుగుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లంతా ఇంటికి వెళ్లి చూరుకో దిష్టిబొమ్మ కట్టి, అధికారి వచ్చే వేళకి తాము పెరట్లోకి తప్పుకున్నారు. అన్నిటికీ మొదటి చూపులోనే ఆకుపచ్చ పడింది. నెలాఖరున లబ్ధిదారుల సమావేశానికి దిష్టిబొమ్మల్ని ట్రాక్టర్ల మీద తెచ్చి కుర్చీల్లో కూర్చోబెట్టారు. అంత ప్రశాంతమైన సమావేశం వేగులపాలెం ఎన్నడూ చూడలేదు. ఎవరూ మధ్యలో లేవలేదు, కాఫీ చల్లారిందనలేదు, తీర్మానాలన్నీ ఏకగ్రీవంగా నెగ్గాయి. ప్రజల్లో చైతన్యం వచ్చిందని కమిషనర్ పైకి నివేదిక పంపాడు.

కోటిలింగానికి మాత్రం రెండో విడత రాలేదు. అడగాల్సిన మనిషి అడగడం లేదు కాబట్టి అవసరం లేదని ఆఫీసు భావించింది. మృగశిర వచ్చింది. ఒక మధ్యాహ్నం తూర్పున నల్లగా పట్టి, ఉరిమి, కుండపోతగా కురిసింది. బరకం నీళ్లు నిండి పొట్టలా దిగజారి, చిరిగి, అతుకుల బొంత నేల మీదికి ఒక్కసారిగా దిగింది. కొత్త వాసాలు తడిసి ముద్దయ్యాయి. మంచం లాగడానికి ఏ మూలా మిగల్లేదు. మంగతాయారు మంచం మీదే తడుస్తూ కూర్చుని ఏడ్చింది. కోటిలింగం ఆవిడ నెత్తిన గొడుగు పట్టుకుని నిలబడ్డాడు.

గాలికి బయట తాడు తెగింది. దిష్టిబొమ్మ అరుగు మీద పడింది. హెల్మెట్టు ఒకవైపు, కుండ పెంకులు ఒకవైపు, గడ్డి ఒకవైపు.

వాన తగ్గాక శేషావతారం వచ్చాడు. ఆ రోజు మొట్టమొదటిసారిగా స్కూటరు దిగాడు. అరుగు మీద పడున్నదాన్ని చూసి ఆయన మొహం పాలిపోయింది. ఆదర్శ లబ్ధిదారు తన వార్డులో, రెండో విడత తన బల్ల మీద ఉండగా పోయాడు. పైవాళ్లకి తెలిస్తే ఉద్యోగానికే ఎసరు. నెత్తి మీద టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. తర్వాత మంగతాయారు వైపు తిరిగి, ఆయనకి మీరేమవుతారమ్మా అని మెల్లగా అడిగాడు.

నిజం చెప్పి చెప్పి విసిగిపోయిన మనిషి మంగతాయారు. ఆవిడ తడిసిన వాసాలకేసి చూసింది, మొగుడికేసి చూసింది. “భార్యనండీ” అంది.

కోటిలింగం నోరు తెరిచాడు. ఆవిడ కాలు తొక్కింది, మూసేశాడు.

బతికున్న లబ్ధిదారు డబ్బు కదలాలంటే ఎన్నో బల్లలు దాటాలి గానీ, పోయినవాడిది నేరుగా వస్తుంది. ఎందుకంటే పోయినవాడు మొహం చూపించనక్కర్లేదు. శేషావతారం తన ఉద్యోగ జీవితంలో ఎప్పుడూ పని చేయనంత వేగంగా పని చేశాడు. కోటిలింగం మరణించినట్టు నమోదైంది. మంగతాయారు పేరు ఒంటరి మహిళల వరసలోకి ఎక్కింది. ఒక్కచోట మాత్రం పని ఆగింది. కొత్త ఫోటోకి ఆవిణ్ని నిలబెట్టి, నుదుటి మీద ఆ కుంకుమ, అంటూ అధికారి నసిగాడు.

“బాబూ, కప్పు లేకుండా ఇన్నాళ్లున్నాను, ఇంకొన్నాళ్లుంటాను. బొట్టు తియ్యమంటే మాత్రం మీ పెంకు మీరే పట్టుకుపోండి” అంది మంగతాయారు. శేషావతారం నియమాలు ముందు నుంచి వెనక్కీ వెనక నుంచి ముందుకీ తిరగేశాడు. బొట్టు గురించి ఎక్కడా లేదు. నియమాల్లో లేనిది ప్రపంచంలో లేనట్టే కాబట్టి ఫోటో తీసుకున్నాడు. ఆకుపచ్చ పడింది.

అప్పలస్వామి వచ్చి పెంకు నేశాడు. చక్కటి ఎర్ర పెంకు, ఒకదాని మీద ఒకటి పొందికగా కూర్చుని ఇల్లంతా కళకళలాడింది. ఆ రాత్రి జల్లు పడితే మంగతాయారు మంచం కదపకుండా పడుకుంది. నిద్ర మాత్రం పట్టలేదు, పైన పెంకు మీద వాన చప్పుడు వింటూ ఉండిపోయింది. ఇంత హాయిగా ఉంటుందని తెలియదండీ అంది పక్కన ఉన్న స్వర్గస్థుడితో.

కాకపోతే పథకంలో ఇంకో మాట ఉంది. ఒంటరి మహిళ ఇంట్లో తనిఖీ వేళ వయసొచ్చిన మగమనిషి కనిపిస్తే, అది మోసం కింద లెక్క. పరిచిన పెంకు పరిచినట్టే విప్పి పట్టుకుపోతారు. తనిఖీ నెలనెలా ఉంటుంది, ఏ రోజో చెప్పరు. కొట్టుకి సెలవైన రోజునే వస్తే? పెరట్లో దాక్కుందామంటే చుట్టూ గోడ లేదు, ఫోను కిటికీల్లోంచి కూడా మొహాలు వెతుకుతుంది.

దారి శేషావతారం తెలియకుండానే చూపించాడు. బొమ్మల సమావేశం సంగతి ఎవరో పైకి మోసినట్టున్నారు, యంత్రాన్ని సవరించారు. ఇకమీదట చూరుకి వేలాడే మొహాన్ని దేన్నీ మనిషిగా పరిగణించరాదు, ఇదివరకు పరిగణించినవి యథాతథం అని ఉత్తర్వు వచ్చింది. ఆ మాట ఆయన మంగతాయారు ముందు గొప్పగా చెప్పుకున్నాడు.

ఆ నెల తనిఖీ ఆదివారం నాడే వచ్చింది. స్కూటరు చప్పుడు వినగానే కోటిలింగం చారల చొక్కా తొడుక్కున్నాడు. మంగతాయారు గబగబా మొహానికి మసి పూసి, సున్నం చుక్కలు పెట్టి, బొగ్గుతో మీసం దిద్దింది. చంకల కింద తాడు వేసి చూరుకి కట్టింది, కాళ్లు అరుగు అంచున ఆనేలా చూసింది. మెడలో చెప్పు కట్టేటప్పుడు ఆవిడ చేతులు ఆడలేదు. కోటిలింగమే పర్లేదు కట్టు అన్నాడు.

శేషావతారం వచ్చి, పైకి చూసి తలాడించాడు. కొత్త కప్పుకి దిష్టి తగలకుండా మంచి పని చేశావమ్మా అన్నాడు. ఫోనుతో ఇల్లంతా తిప్పి చూశాడు. అది మంగతాయారు దగ్గర ఆగి ఆకుపచ్చ చట్రం గీసింది, కోటిలింగం మొహం మీదుగా ఆగకుండా పోయింది. ‘ఇంటామె తప్ప ఇతర మనుషులు లేరు’ అని ఆయన నమోదు చేసుకున్నాడు.

వెళ్లబోతుంటే ఆరుద్ర కార్తె వాన అందుకుంది. శేషావతారం అరుగెక్కి కుర్చీ వేయించుకుని, కాఫీ పుచ్చుకుంటూ కూర్చున్నాడు. ఒక్క చుక్క లోపలికి రావడం లేదని కప్పుని మెచ్చుకున్నాడు. నిజమే, అప్పలస్వామి పనితనం అటువంటిది. కప్పు మీద పడ్డ నీళ్లన్నీ ఎక్కడా కారకుండా పెంకు వెంటే జారి, చూరు చివర ధారగట్టి, సరిగ్గా అక్కడున్న కోటిలింగం నెత్తి మీద పడుతున్నాయి. సున్నం కరిగి కళ్లలోకి దిగుతున్నా ఆయన రెప్ప ఆర్పలేదు.

మంగతాయారుకి దుఃఖం ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శేషావతారానికి జాలేసింది.

“ఆయన గుర్తొచ్చారామ్మా? ఏం చేస్తాం, అలాంటి మనిషి మళ్లీ పుట్టడు” అని ఓదార్చాడు. తర్వాత ధార వైపు చూసి, “బొమ్మకి రంగు వెలిసిపోతోంది. ఇంకోసారి కాస్త మంచి రంగు వేయించు” అన్నాడు.

అలాగేనండీ అంది మంగతాయారు. వాన వెలిసేదాకా ఆయన కుర్చీలోంచి లేవలేదు.